20 అడుగుల ఎత్తున్న డూప్లెక్స్ హాల్లో ఫ్యాన్, షాండ్లియర్ మార్చడం: మొదటి నుంచి చివరి దాకా

డూప్లెక్స్ ఇల్లు కట్టించేటప్పుడు హాలు పైకప్పు రెండంతస్తుల ఎత్తున ఉండాలని చాలామంది ముచ్చటపడి మరీ డిజైన్ చేయించుకుంటారు. గాలి, వెలుతురు బాగుంటాయి, చూడ్డానికీ దర్జాగా ఉంటుంది. ఇల్లు దిగిన నాలుగైదేళ్లకు ఫ్యాన్ కిర్రుకిర్రుమనడం మొదలవుతుంది, షాండ్లియర్‌లో సగం బల్బులు వెలగవు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే తలెత్తి చూసి, రెండు నిచ్చెనలు కలిపి తాళ్లతో కడదామంటాడు. లేదంటే డైనింగ్ టేబుల్ జరిపి, దాని మీద స్టూల్ వేద్దామంటాడు. రెండింటికీ ఒప్పుకోకండి. అక్కడి నుంచి పడితే కింద ఉన్నది గ్రానైటో, విట్రిఫైడ్ టైలో.

ఇలాంటి హాళ్లలో పైకప్పు మామూలుగా 18 నుంచి 22 అడుగుల ఎత్తు ఉంటుంది. అంత ఎత్తులో పని తేలిగ్గా, ప్రమాదం లేకుండా జరగాలంటే పైన గడిపే సమయం తగ్గించుకోవాలి. కొలతలు, కొనుగోళ్లు, వైర్లు ఎక్కించడం, నట్లు బిగించి చూసుకోవడం అన్నీ నేల మీదే అయిపోవాలి. పైకెళ్లాక మిగిలేది తగిలించడం, కలపడం, బిగించడం మాత్రమే. ఇక్కడ చెప్పేవన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. 10, 12 అడుగులు దాటితే వైర్‌మన్ పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మీరు దగ్గరుండి ఏం చూసుకోవాలో, ఏం అడగాలో, ఎక్కడ వద్దని ఆపాలో తెలియడానికే ఇదంతా.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందంటే మోటారు పోయిందని అనుకోవక్కర్లేదు. చాలాసార్లు తప్పు మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగం కెపాసిటర్‌ది. మామూలు ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, చవకైన వస్తువే. రెగ్యులేటర్ పాడైనా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి ముందు దాన్ని మార్చి చూడండి. రెగ్యులేటర్ స్విచ్‌బోర్డులోనే ఉంటుంది, పైకి ఎక్కే పనే లేదు.

కెపాసిటర్ మార్చాలంటే మాత్రం పైకి చేరాల్సిందే. పరంజా కట్టించే ఖర్చు, శ్రమ ఎలాగూ తప్పనప్పుడు, పదేళ్లు దాటిన ఫ్యాన్‌కి కెపాసిటర్ ఒక్కటే వేసి దిగిపోవడం నా దృష్టిలో దండగ. ఫ్యాన్ మార్చేయండి. లైట్లు, షాండ్లియర్, మూలల్లో బూజు, పై కిటికీల అద్దాలు, పెయింట్ పెచ్చులు... ఆ ఎత్తులో చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుని అదే రోజు ముగించండి. ఇంటికి రంగులు వేయించబోతుంటే ఇంకా మేలు. పెయింటర్లు ఎలాగూ పరంజా తెస్తారు. వాళ్లు దాన్ని విప్పే ముందు ఒక పూట ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వమని ముందే మాట్లాడుకోండి.

కొలతలు

పైకప్పు ఎత్తు తెలియడానికి ఎక్కాల్సిన పనిలేదు. లేజర్ మీటర్ ఉంటే నేల మీద పెట్టి పైకి గురిపెడితే చాలు. లేకపోతే పై అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడి, చివర చిన్న బరువు కట్టిన టేపును హాల్లోకి వదిలి, పై అంతస్తు నేల మట్టం నుంచి హాలు నేల దాకా కొలవండి. పై అంతస్తు నేల నుంచి స్లాబు దాకా ఎత్తు కొలిచి రెండూ కలపండి.

ఫ్యాన్ రెక్కలు నేలకు 8 నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటే గాలి బాగా తగులుతుంది. 7 అడుగుల కంటే కిందికి ఎప్పుడూ రాకూడదు. 20 అడుగుల పైకప్పుకు ఫ్యాన్‌తో వచ్చే అడుగు రాడ్ వేసి వదిలేస్తే అది పైన వేడిగాలినే తిప్పుకుంటూ కూర్చుంటుంది, కింద సోఫాలో ఉన్నవాళ్లకు చెమట ఆరదు. ఎత్తైన హాల్లో ఫ్యాన్ పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ పొట్టి రాడ్డే.

లెక్క ఇలా వేసుకోండి. పైకప్పు ఎత్తులోంచి రెక్కలు ఉండాల్సిన ఎత్తు తీసేయండి. పైన కొక్కెం దగ్గర, కింద మోటారు దగ్గర కలిపి పోయే ముప్పావు అడుగు నుంచి అడుగు కూడా తీసేయండి. 20 అడుగుల స్లాబుకు రెక్కలు 10 అడుగుల్లో కావాలంటే రాడ్ 9 అడుగులు పడుతుంది. రాడ్ కోయించే ముందు కొత్త ఫ్యాన్‌ని నేల మీద పెట్టి, రాడ్ దిగే చోటు నుంచి రెక్కల దాకా అసలు కొలత తీసుకోండి. ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది.

ఫ్యాన్, రాడ్ కొనేటప్పుడు

మామూలు గదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ సరిపోతుంది. పెద్ద హాలుకు 1400 తీసుకోండి. మామూలు ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో నడిచే బ్రష్‌లెస్ మోటారు ఫ్యాన్) 28 నుంచి 35 వాట్లలో అదే గాలి ఇస్తుంది. హాల్లో ఫ్యాన్ రోజంతా తిరుగుతుంది, ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది కాబట్టి నేనైతే బీఎల్‌డీసీనే ఎంచుకుంటాను. ఒక్క జాగ్రత్త. దీనికి పాత రెగ్యులేటర్ లైన్లో ఉండకూడదు. ఉంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పాడవుతుంది. రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి నేరుగా కలపమని చెప్పండి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ తప్పనిసరి. డబ్బా మీద అది ఉందో లేదో చూసుకోండి.

పొడవు రాడ్లు ఎలక్ట్రికల్ షాపుల్లో రెడీమేడ్‌గా దొరుకుతాయి. మరీ పొడవైతే చేయించుకోవాలి. పాత రాడ్ చేతిలో పట్టుకుని వెళ్తే లావు, చిల్లుల సైజు తేడా రాకుండా ఉంటుంది. రాడ్ ఒకే ముక్కగా ఉండాలి. రెండు పొట్టి రాడ్లు కలిపి వెల్డింగ్ చేసి ఇస్తానంటే తీసుకోకండి. ఫ్యాన్ తిరిగినంత కాలం ఆ అతుకు మీద అదురు పడుతూనే ఉంటుంది, లోపల మొదలైన పగులు బయటికి కనిపించదు.

రాడ్ లోపల వైరుకు కూడా అతుకు ఉండకూడదు. మోటారు నుంచి పైన కనెక్టర్ దాకా ఒకే పొడవు రాగి వైరు, ఎర్త్‌తో కలిపి, కింద ఉండగానే ఎక్కించేయండి. పైన ఒక అడుగు ఎక్కువే వదలండి.

లైటు కొనేటప్పుడు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ దర్బారు హాల్లో వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లను చూసొచ్చినవాళ్లకు ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండాలనిపించడం సహజమే. అక్కడ వాటిని చూసుకోవడానికి మనుషులున్నారు. మీ ఇంట్లో దుమ్ము తుడవాల్సిందీ, బల్బు మార్చాల్సిందీ మీరే. అందుకే షోరూమ్‌లో అందం చూశాక మూడు ప్రశ్నలు అడగండి.

బల్బులు మామూలు ఎల్‌ఈడీవేనా, షాపులో దొరికే మర బల్బులు పట్టే E27 లేదా E14 సైజు హోల్డర్లేనా? ఎల్‌ఈడీ పట్టీ లోపలే అంటించి ఉన్న మోడల్ అయితే డ్రైవర్ (పట్టీకి తగిన కరెంటు ఇచ్చే భాగం) పోయిన రోజు షాండ్లియర్ మొత్తం దించాలి. మొత్తం బరువెంత? క్రిస్టల్ వేలాడే పెద్దవి 30, 40 కిలోలు కూడా ఉంటాయి. దీన్ని కిందికి దించే మోటారు వించ్ పెట్టొచ్చా? రిమోట్ నొక్కితే షాండ్లియర్ నేల దాకా దిగి వచ్చే వించ్‌లు మార్కెట్లో ఉన్నాయి. 15 అడుగులు దాటిన చోట కొత్తగా షాండ్లియర్ పెట్టేవాళ్లు షాండ్లియర్ బడ్జెట్‌లో కొంత తగ్గించుకుని అయినా వించ్ పెట్టించుకోవాలని నా గట్టి సలహా. ఆ తర్వాత తుడవడానికైనా, బల్బు మార్చడానికైనా ఎవరూ పైకి ఎక్కక్కర్లేదు.

ఒకటి రెండు బల్బులు మార్చడమే పనైతే పొడవు కర్ర చివర పట్టు ఉండే బల్బు ఛేంజర్ దొరుకుతుంది. మర ఉన్న బల్బులకు బాగా పనిచేస్తుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే పిన్ హోల్డర్లకు నొక్కి తిప్పాలి కాబట్టి దాంతో కొంచెం కష్టమే.

కొక్కెం గట్టిదేనా?

ఇల్లు కట్టేటప్పుడు స్లాబులో ఫ్యాన్ బాక్స్ వేసి, దాని లోపల అడ్డంగా ఉండే ఇనుప కడ్డీని స్లాబు చువ్వలకు కట్టి ఉంటే అది ఫ్యాన్ బరువు నిశ్చింతగా మోస్తుంది. పైకి ఎక్కగానే మొదట చూడాల్సింది ఆ కడ్డీనే. తుప్పు పట్టి సన్నబడిందా? స్లాబులో నీరు కారిన మరకలున్నాయా? పాత షాకిల్ (రాడ్‌ని కడ్డీకి తగిలించే ఇనుప పట్టీ) రాసుకుని కడ్డీకి గాడి పడిందా? వీటిలో ఏది ఉన్నా ఆ కడ్డీకి తగిలించకండి.

కొక్కెం లేని చోట, ఉన్నది నమ్మకంగా లేని చోట స్లాబులోకి యాంకర్ ఫాస్టెనర్లు (చిల్లులో బిగుసుకుని పట్టుకునే బోల్టులు) దించి ఇనుప క్లాంప్ బిగిస్తారు. 10 మిల్లీమీటర్లవి, ఒకటి బదులు రెండు వేయించండి. చిల్లు పెట్టాక లోపలి దుమ్ము ఊది శుభ్రం చేయాలి, లేకపోతే యాంకర్ సరిగ్గా పట్టదు. పీఓపీ, జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇళ్లలో వాటికి గానీ, వాటిని పట్టుకున్న రేకు చానళ్లకు గానీ ఏదీ వేలాడదీయకూడదు. ఫాల్స్ సీలింగ్‌కి చిల్లు పెట్టి, పైనున్న అసలు స్లాబు నుంచే దించాలి.

షాండ్లియర్ కొక్కేనికి ఒక పరీక్ష చేయించండి. షాండ్లియర్ బరువుకు నాలుగింతల బరువు, ఇసుక నింపిన బస్తాలతో, గంటసేపు వేలాడదీసి చూడాలి. కింద ఎవరూ ఉండకూడదు. ఇదెందుకని ఎలక్ట్రీషియన్ విసుక్కుంటాడు. అయినా చేయించండి.

గోదావరి జిల్లాల మండువా ఇళ్లలో, పాత మిద్దెల్లో పైకప్పు 14, 15 అడుగులుంటుంది, ఫ్యాన్ దూలానికి వేలాడుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ పిడితో దూలాన్ని అంగుళం అంగుళం తట్టి చూడండి. బోలుగా మోగితే చెద తిన్నట్టే. దూలం గట్టిగా ఉన్నా కింది నుంచి మేకులూ స్క్రూలూ దించి ఫ్యాన్ వేలాడదీయొద్దు. దూలాన్ని చుట్టి పట్టుకునే ఇనుప పట్టీ చేయించి, పక్క నుంచి బోల్టులు బిగించాలి.

పైకి చేరడం

గోడకు ఆనించే నిచ్చెన హాలు మధ్యకు పనికిరాదు. గోడ లైట్లకు వాడితే నిచ్చెన పొడవులో నాలుగో వంతు దూరం కింద వదిలి ఆనించాలి, ఒక మనిషి కింద పట్టుకునే ఉండాలి. ఇంగ్లిష్ A ఆకారంలో నిలబడే నిచ్చెన 12 అడుగుల లోపు పనికి చాలు. దాని పై రెండు మెట్ల మీద నిలబడకూడదు. అల్యూమినియం నిచ్చెనకు కరెంటు పాకుతుంది కాబట్టి ఫైబర్‌ది తెమ్మనండి.

20 అడుగుల హాలుకు చక్రాల పరంజానే సరైన దారి. పెద్ద ఊళ్లలో సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే చోట దొరుకుతుంది. పలకలు విడదీసి తెస్తారు కాబట్టి గుమ్మంలోంచి పడుతుంది. సరుగుడు కర్రలతో కట్టే పరంజా ఆరుబయట గోడలకు సరే గానీ, నున్నటి టైల్స్ మీద దాని కాళ్లు జారతాయి.

ఎత్తు లెక్క చూద్దాం. మనిషి తల కొంచెం పైన చేతులు పెట్టి పనిచేయాలంటే నిలబడే బల్ల పైకప్పుకు ఆరున్నర అడుగుల కింద ఉండాలి. అంటే 20 అడుగుల స్లాబుకు బల్ల పదమూడున్నర, 14 అడుగుల ఎత్తులో ఉంటుంది. నిలబడే ఎత్తు, అడుగున ఇరుకు వైపు వెడల్పుకు మూడింతలు దాటకూడదు. 14 అడుగులకు కింద దాదాపు 5 అడుగుల వెడల్పు కావాలి. తెచ్చిన పరంజా అంతకంటే ఇరుకైతే పక్కలకు ఆనించే అదనపు కాళ్లు అడిగి వేయించుకోండి.

హాల్లో సామాను ముందే జరిపేయండి. చక్రాల కింద ప్లైవుడ్ పరిస్తే టైల్స్ పగలవు. నాలుగు చక్రాల బ్రేకులూ పడ్డాయని మీరే వంగి చూసుకోండి. బల్ల మొత్తం పలకలతో నిండి ఉండాలి, చుట్టూ నడుము ఎత్తు కమ్మీలు ఉండాలి. ఎక్కేది లోపలి వైపు నుంచి. బయటి వైపు పట్టుకుని ఎక్కితే పరంజా ఆ పక్కకే ఒరుగుతుంది. పైన మనిషి ఉండగా రెండడుగులు జరుపుదామని ఎవరైనా అంటే గట్టిగా ఆపండి. పరంజా తిరగబడేది ఎక్కువగా ఇలాంటప్పుడే.

పైకెక్కే మనిషికి భుజాలు, తొడలు కలిపి పట్టుకునే ఫుల్ బాడీ హార్నెస్ ఉండాలి. ఒక్క నడుము బెల్టు చాలదు. ఆ తాడును ఫ్యాన్ కొక్కేనికి తగిలించకూడదు. అది పడే మనిషి కుదుపును ఆపడానికి పెట్టింది కాదు. స్లాబులోకి వేరుగా వేసిన యాంకర్‌కి గానీ, పై అంతస్తు పిల్లర్ లాంటి గట్టి చోట గానీ కట్టాలి. పనిముట్లు జేబులో వేసుకోకుండా సంచిలో పెట్టి తాడుతో లాక్కోవాలి. ఆ ఎత్తు నుంచి స్పానర్ జారినా కింద ఉన్నవాళ్ల తల పగులుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఆ పూట హాల్లోకి రాకూడదు.

పై అంతస్తు రెయిలింగ్ మీదికి ఎక్కి, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో షాండ్లియర్ అందుకుందామనే ఆలోచన ప్రతి డూప్లెక్స్ ఇంట్లో ఎవరికో ఒకరికి వస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు, ఎవరినీ చేయనీయొద్దు.

కరెంటు ఆపడం: ఇన్వర్టర్ సంగతి

స్విచ్ ఆపితే సరిపోదు. స్విచ్ ఫేజ్‌ని (కరెంటు తెచ్చే వైరుని) మాత్రమే కట్ చేస్తుంది, వైరింగ్ చేసినవాళ్లు పొరపాటున, కరెంటు తిరిగి వెళ్లే వైరైన న్యూట్రల్‌కి స్విచ్ పెట్టి ఉంటే ఫ్యాన్ ఆగిపోయినా పైన వైర్లో కరెంటు ఉంటుంది. ఆ గది ఎంసీబీ ఒక్కటే ఆపడం కూడా చాలదు. పాత వైరింగుల్లో ఒక న్యూట్రల్‌ని రెండు మూడు లైన్లకు పంచుకుంటారు, మరో గదిలో నడుస్తున్న వాటి కరెంటు ఆ న్యూట్రల్ మీదుగా వస్తుంది. కాబట్టి మెయిన్ ఆపాలి.

మెయిన్ ఆపగానే ఏమవుతుందో ఆలోచించండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, దాని దృష్టిలో అది కరెంటు పోవడమే. కనురెప్పపాటులో బ్యాటరీ మీదికి మారి, లైట్లకూ ఫ్యాన్లకూ 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్‌కి కలిపేది సరిగ్గా హాలు ఫ్యాన్లు, లైట్లే. మెయిన్ ఆపేశాం కదా అన్న ధీమాతో పైన వైరు పట్టుకున్న మనిషికి షాక్ కొట్టేది ఇలాగే. ఎత్తులో చిన్న షాక్ కూడా ప్రాణాంతకం. షాక్‌కి చేతులు వదిలేస్తే పడేది 14 అడుగుల నుంచి.

ఇన్వర్టర్ ఒక్కటే ఆపి మెయిన్ వదిలేసినా ప్రమాదమే. మెయిన్ కరెంటు ఇన్వర్టర్ లోపలి నుంచి నేరుగా అవతలికి పోతుంది. అందుకని వరుస ఇది.

1. మెయిన్ స్విచ్ లేదా మెయిన్ ఎంసీబీ ఆపండి.
2. ఇన్వర్టర్ ముందు భాగంలో ఉన్న స్విచ్ ఆపండి, దాని ప్లగ్ కూడా పీకేయండి. హాలు లైట్లన్నీ ఆరిపోయాయా చూడండి.
3. గేటెడ్ కమ్యూనిటీలో జనరేటర్ లైన్ వేరుగా వస్తుంటే దాన్నీ ఆపండి. ఇంటి మీద బ్యాటరీతో నడిచే సోలార్ ఉంటే దాని ఇన్వర్టర్‌ని కూడా.
4. బోర్డు తలుపు మూసి, ‘పైన మనిషి ఉన్నాడు, ఆన్ చేయొద్దు’ అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి. ఇంట్లో ఒకరు పని అయ్యేదాకా బోర్డు దగ్గరే ఉండాలి. ఫ్రిజ్ ఆగిపోయిందనో, వైఫై పోయిందనో ఎవరో వచ్చి ఆన్ చేసేస్తారు.
5. పైకి వెళ్లాక వైర్లు ముట్టుకునే ముందు మల్టీమీటర్‌తో చూడాలి. ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడు జతల మధ్యా సున్నా ఉండాలి.

మన ఎలక్ట్రీషియన్లు నమ్ముకునే నియాన్ టెస్టర్ ఒక్కదాని మీద ఆధారపడొద్దు. లోపలి బల్బు పోయినా అది వెలగదు, కరెంటు లేకపోయినా వెలగదు. తేడా ఎలా తెలుస్తుంది? మీటరైనా టెస్టరైనా, మెయిన్ ఆపే ముందు కరెంటు ఉన్న సాకెట్లో పెట్టి పనిచేస్తోందని చూసుకోవాలి. పైన సున్నా చూపించాక, వైర్లు ముట్టుకునే ముందే, కరెంటు ఉన్న వేరే చోట ఇంకోసారి చూడాలి.

పని పొద్దున్నే పెట్టుకోండి. కరెంటు ఉండదు కాబట్టి పగటి వెలుతురు కావాలి. మే నెలలో మధ్యాహ్నం పైకప్పు దగ్గర వేడి కింద కంటే చాలా ఎక్కువ. చెమటతో తడిసిన ఒంటికి షాక్ ఇంకా గట్టిగా తగులుతుంది, చేతిలో పనిముట్టూ జారుతుంది.

ఎవరికైనా షాక్ తగిలితే ముందు కరెంటు ఆపాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. ఎత్తు నుంచి పడితే మెడ, నడుము కదల్చకుండా అక్కడే ఉంచి 108కి ఫోన్ చేయండి.

పాత ఫ్యాన్ దించడం

ముందు రెక్కలు విప్పాలి. పొడవు రాడ్ ఉన్న చోట రెక్కలు 10 అడుగుల దగ్గర, కొక్కెం 20 అడుగుల దగ్గర ఉంటాయి కాబట్టి పరంజా రెండు ఎత్తుల్లో కావాలి. మొదట కింది బల్ల మీద నుంచి రెక్కలు తీసేసి, తర్వాత పై బల్ల వేసుకోవడం తేలిక.

పైకెళ్లి రాడ్ చివర ఉండే ప్లాస్టిక్ కప్పును కిందికి జరిపి, కనెక్టర్ దగ్గర వైర్లు ఏ రంగు దేనికి కలిసిందో ఫోన్‌తో ఫొటో తీయమనండి. వైర్లు విప్పాక వాటి కొనలకు టేపు చుట్టాలి. మోటారును, రాడ్‌ను కలిపి తాడుతో కట్టి, ఆ బరువును ఇంకో మనిషి తాడు మీద పట్టుకున్నాకే షాకిల్ బోల్టు తీయాలి. ఒకే మనిషి ఒక చేత్తో ఫ్యాన్ మోస్తూ ఇంకో చేత్తో నట్టు విప్పకూడదు.

దించాక ఆ పాత బోల్టు, రబ్బరు బుష్ చేతిలోకి తీసుకుని ఒకసారి చూడండి. బోల్టు మధ్యలో రాసుకుని సన్నబడి ఉంటుంది, రబ్బరు పెళుసెక్కి వేలితో నొక్కితే ముక్కలవుతుంది. ఇన్నాళ్లూ ఫ్యాన్‌ని పట్టుకున్నవి ఇవే. కొత్త ఫ్యాన్‌కి వీటిని మళ్లీ వాడొద్దు, డబ్బాలో వచ్చిన కొత్తవే వేయాలి.

కొత్తది బిగించడం

రాడ్, మోటారు, వైరు, కప్పులు నేల మీదే బిగించి సిద్ధం చేసుకోండి. రాడ్ మోటారులోకి దిగే చోట అడ్డ బోల్టు, దానికి స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా ఆపే రెండు కాళ్ల పిన్), పక్క నుంచి బిగించే చిన్న స్క్రూ మూడూ ఉన్నాయా చూసుకోండి. రెక్కలు తప్ప మిగతాదంతా తాడుతో పైకి లాగి కొక్కేనికి షాకిల్ తగిలించాలి.

ఇక్కడ తొందరపడనీయకండి. కొక్కెం కడ్డీ మీద రబ్బరు బుష్ కూర్చోవాలి, దాని లోంచి బోల్టు దూరాలి, వాషర్ వేసి నట్టు బిగించాలి, బోల్టు కొనలో ఉండే చిన్న చిల్లులోంచి స్ప్లిట్ పిన్ దూర్చాలి. పిన్ దూర్చి వదిలేస్తే లాభం లేదు. కటింగ్ ప్లయర్‌తో దాని రెండు కాళ్లనూ చెరో వైపుకు పూర్తిగా మడవాలి. ఫ్యాన్ అదురుకు నట్టు కొద్దికొద్దిగా వదులవుతూ వస్తుంది, ఆ మడిచిన పిన్నే దాన్ని ఊడి రాకుండా ఆపుతుంది. ఫ్యాన్లు ఊడిపడటానికి పిన్ పెట్టకపోవడం, పెట్టినా మడవకపోవడం పెద్ద కారణం. మీరు పైకి ఎక్కలేరు కాబట్టి ఆ మడిచిన పిన్ను దగ్గర నుంచి ఫొటో తీసి పంపమని అడగండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఫ్యాన్‌తో పాటు సన్నని ఉక్కు తాడు ఇస్తే దాన్ని కొక్కేనికి కాకుండా స్లాబులో వేరే యాంకర్‌కి బిగించాలి. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడింటికీ కనెక్టర్ వాడాలి. మెలేసి టేపు చుడితే పైకప్పు వేడికి టేపు జిగురు వదిలేస్తుంది. మన వైరింగులో సింగిల్ ఫేజ్‌కి ఎరుపు, పసుపు లేదా నీలం ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. దిగుమతి లైట్లలో గోధుమ రంగు ఫేజ్‌గా, నీలం న్యూట్రల్‌గా వస్తుంది. స్లాబు నుంచి వచ్చిన నీలం ఫేజ్ కావచ్చు, లైటులోని నీలం న్యూట్రల్. రంగు చూసి కలపకుండా మీటర్‌తో తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం స్విచ్‌బోర్డు దగ్గర ముందురోజే చేసి రాసి పెట్టుకుంటే పైన గందరగోళం ఉండదు.

చివరగా కింది బల్లకు దిగి రెక్కలు బిగించాలి. ఒక సెట్‌లో వచ్చిన మూడు రెక్కలూ బరువు సరిచూసి ఇచ్చినవి. వేరే ఫ్యాన్ రెక్కతో కలిపితే పొడవు రాడ్ మీద ఊపు బాగా తెలుస్తుంది.

షాండ్లియర్ ఎక్కించడం

10 కిలోలు దాటినదాన్ని చేతులతో ఎత్తకూడదు. పరంజా మీద మనుషులు బరువు లాగుతుంటే పరంజా ఊగుతుంది. షాండ్లియర్ కొక్కేనికి పక్కన తాత్కాలికంగా ఇంకో యాంకర్ వేసి, దానికి చైన్ బ్లాక్ తగిలించి నేల మీద నుంచి గొలుసు లాగుతూ ఎత్తాలి. పైనున్న మనిషి పని దాన్ని అసలు కొక్కేనికి తగిలించి వైర్లు కలపడమే. గాజు, క్రిస్టల్ ముక్కలు, బల్బులు ముందు తగిలించకుండా ఫ్రేమ్ ఒక్కటే ఎత్తి, తర్వాత ఒక్కొక్కటీ పెట్టుకుంటే బరువూ తగ్గుతుంది, పగలడమూ తగ్గుతుంది. బరువు గొలుసు మీదే ఉండాలి, వైరు వదులుగా గొలుసు కళ్లలోంచి అల్లుకుని పోవాలి.

షాండ్లియర్ ఫ్రేమ్ ఇనుముదో ఇత్తడిదో కాబట్టి ఎర్త్ తప్పనిసరి. పాత లైటు పాయింట్లలో ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. లేకపోతే ముందే లాగించుకోండి. ఇంటికి, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ పనితో పాటే పెట్టించేయండి.

మెట్ల పైన వేలాడే లైట్లకు చదునైన నేల దొరకదు. కాళ్ల ఎత్తు విడివిడిగా సర్దుకునే పరంజా అడిగి తెప్పించండి. మెట్టు కింద ఇటుకలు పేర్చి సరిచేయడం వద్దు.

ఆన్ చేశాక

మెయిన్ వేసే ముందు పైన పనిముట్లు, మనుషులు ఎవరూ లేరని చూసుకుని పరంజాను గోడ వైపుకు జరపండి. ఇన్వర్టర్, మెయిన్ వరుసగా వేసి ఫ్యాన్‌ని తక్కువ వేగంతో మొదలుపెట్టండి. ఊపు ఉంటే ఆపి, నేల మీద నిలబెట్టిన పొడవు కర్ర మీద ఒక రెక్క చివర ఎత్తును గుర్తు పెట్టుకుని, రెక్కలను చేత్తో ఒక్కొక్కటిగా అక్కడికి తెచ్చి పోల్చండి. ఏ రెక్క పైకో కిందికో ఉందో తెలుస్తుంది. మెయిన్, ఇన్వర్టర్ మళ్లీ ఆపి, ఆ రెక్క స్క్రూలు వదులు చేసి సరిగ్గా కూర్చోబెడితే చాలావరకు ఊపు పోతుంది.

పని అయిపోయింది, సామాను తీసుకెళ్తామని అద్దెవాళ్లు తొందరపెట్టినా పరంజాను ఆ రాత్రికి ఉంచుకోండి. ఒక రోజు అద్దె ఎక్కువైనా పర్వాలేదు. ఫ్యాన్‌ని రాత్రంతా ఫుల్ స్పీడ్‌లో తిరగనివ్వండి. మర్నాడు పొద్దున మెయిన్, ఇన్వర్టర్ మళ్లీ ఆపి, ఒకసారి పైకెక్కి షాకిల్ నట్టు, స్ప్లిట్ పిన్, రాడ్ కింది స్క్రూ, రెక్కల స్క్రూలు చేత్తో తాకి చూడాలి. కొత్త ఫ్యాన్లో స్క్రూలు మొదట్లో కాస్త వదులు కావచ్చు. అవి ఇంకోసారి బిగించి, కప్పు పైకి జరిపి మూసేశాక పరంజా విప్పించండి.